‘పిక్ అప్’ అంటే ఎత్తడమా, అందుకోవడమా?

ప్రశ్న: మేష్టారూ, నమస్తే. మాది ఆమదాలవలస. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత డిగ్రీ. ఇప్పుడు ఇంటి దగ్గర నుంచే ఒక కంపెనీకి పనిచేస్తున్నాను. పోయిన శుక్రవారం ఆన్‌లైన్ మీటింగ్ సగంలో ఉండగా టైమ్ అయిపోయింది. మా టీమ్ లీడరు ‘లెట్స్ పిక్ దిస్ అప్ ఆన్ మండే’ అన్నారు. సోమవారం ఎక్కడికో వెళ్లి ఏదో తీసుకురావాలి కాబోలనుకుని ‘ఫ్రమ్ వేర్ సర్?’ అని అడిగాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. రాత్రి డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాటకే బోలెడన్ని అర్థాలు. ఇవన్నీ బట్టీ పట్టాలా? ఇలాంటివి ఇంకా వందలున్నాయట. ఇంకో మాట. ‘ఐ డిడ్‌నాట్ లిఫ్ట్ ద ఫోన్’ అనకూడదని నా స్నేహితురాలు అంటోంది. నిజమేనా?

సమాధానం: అమ్మా, ముందు ఆ నవ్వు సంగతి. నువ్వు అడిగినదాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ ఊరి స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. శ్రీకాకుళం వెళ్లాల్సినవాళ్లంతా అక్కడే దిగుతారు. వాళ్లకోసం ఎవరో ఒకరు బండి వేసుకుని రావడం, ‘పికప్‌కి వచ్చాను’ అనడం నువ్వు పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. ఆ అర్థం నిజమైన అర్థమే. ఆ రోజు ఆ సందర్భానికి అతకలేదు, అంతే. నవ్విన వాళ్లలో ఒక్కరు ఒక్క ముక్క చెప్పి ఉంటే నువ్వు రాత్రి డిక్షనరీ ముందు కూర్చుని మథనపడేదానివి కావు. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి బడుల్లో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. తరగతిలో ఒక పిల్ల ఒక్క మాట తప్పు చెబితే మిగతావాళ్లు గొల్లుమనడం, ఆ పిల్ల ఇక ఏడాదంతా నోరు విప్పకపోవడం నేను చాలాసార్లు చూశాను. నువ్వు నోరు మూసుకోకుండా ఉత్తరం రాశావు. అది నాకు ఎంతో సంతోషం.

మీ లీడరు అన్నదానికి అర్థం ‘ఇది సోమవారం ఇక్కణ్ణుంచే అందుకుందాం’ అని.

అందుకోవడం అనే మాట కావాలనే వాడాను. మన వైపు తప్పెటగుళ్లు చూసే ఉంటావు. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, కాలికి గజ్జెలు కట్టుకుని వలయంగా తిరుగుతుంటారు. ముందున్నతను ఒక చరణం అని వదలగానే మిగతావాళ్లు అడుగు తప్పకుండా దాన్ని అందుకుంటారు. అక్కడ చేత్తో పట్టుకునేది ఏముంది? పాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మళ్లీ పైకి లేస్తుంది. దీన్నే మనం పాట ఎత్తుకున్నాడు అని కూడా అంటాం. ఇంగ్లీషువాడి ‘పిక్ అప్’లో ఉన్న ఎత్తడం కూడా అచ్చంగా ఇదే. ఆగిన సంభాషణను, సగంలో ఉన్న పనిని, నిన్న మూసిన పుస్తకాన్ని మళ్లీ ఎత్తుకోవడం.

ఇప్పుడు బట్టీ సంగతి. వద్దమ్మా. ఎందుకు వద్దో నీ నోటి తెలుగుతోనే చూపిస్తాను. ‘ఎత్తు’ అనే మాట తీసుకో. పిల్లని ఎత్తుకుంటాం. గొలుసు ఎత్తుకుపోయాడు అంటే దొంగతనం. ఉన్న రూలు ఎత్తేశారు అంటే రద్దు చేశారు. నది మీద ఎత్తిపోతల పథకం అంటే కింది నీళ్లు పై పొలానికి పంపడం. ఎవరైనా నిన్ను ఎత్తిపొడిస్తే ఒంటికి దెబ్బ తగలదు గానీ మనసుకు తగులుతుంది. ఒక్క క్రియకు చిన్న చిన్న తోకలు తగిలించి ఇన్ని అర్థాలు పుట్టించాం. ఈ పట్టిక నీకు బళ్లో ఎవరైనా రాయించారా? ఎప్పుడో, ఎవరో, ఏదో సందర్భంలో అంటుంటే చెవిన పడింది, పట్టుబడింది. ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ అనేది ఇలాంటి ఏర్పాటే. ‘పిక్’ అనే క్రియకు ‘అప్’ అనే తోక. తేడా ఒక్కటే. మన తోక క్రియకు అతుక్కుని ఉంటుంది, వాళ్ల తోక విడిగా నిలబడుతుంది, ఒక్కోసారి దూరంగా కూడా జరుగుతుంది. ఈ జరగడంలోనే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. దాని దగ్గరికి వస్తాను.

నువ్వొక్కదానివే ఇబ్బంది పడుతున్నావని అనుకోకు. 1755లో ఇంగ్లీషుకు పెద్ద నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయి దేశస్థులకు అన్నిటికన్నా కష్టమైనదని రాశాడు. అంత పండితుడికే తెలిసిన కష్టం ఇది.

‘పిక్’ ఒక్కటే ఉంటే ఏరడం, కోయడం, ఎంచుకోవడం. చెట్టు మీది మామిడికాయ కోస్తే ‘పిక్ ఎ మ్యాంగో’. రాత్రి గాలికి రాలి మట్టిలో పడిన కాయను వంగి తీస్తే ‘పిక్ అప్ ఎ మ్యాంగో’. కొమ్మ మీది కాయకు ‘అప్’ అక్కర్లేదు, అది ఇంకా పైనే ఉంది. కింద పడి ఉన్నదానికే ‘అప్’ కావాలి. ఈ రెండు కాయలూ కళ్ల ముందు పెట్టుకో. పడి ఉన్నది, ఆగి ఉన్నది, నీకోసం వేచి ఉన్నది నీ చేతికి రావడం, లేదా తనే పైకి లేవడం. డిక్షనరీలోని అర్థాలన్నీ దాదాపుగా ఈ ఒక్క కదలిక నుంచి పుట్టినవే.

స్టేషన్లో వేచి ఉన్న మీ మేనత్తని తీసుకురావడానికి అందుకే ‘పిక్ అప్’. నువ్వు వెళ్లి చేరేదాకా ఆవిడ ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది. దర్జీ దగ్గర కుట్టి ఉంచిన జాకెట్టూ అంతే, కొరియర్ ఆఫీసులో నీ పేరున పడి ఉన్న కవరూ అంతే. దారిలో దుకాణం దగ్గర ఆగి ఒక పాల ప్యాకెట్ పట్టుకురావడం కూడా ‘పిక్ అప్’. దీంట్లో పని కట్టుకుని వెళ్లలేదు, పోతూ పోతూ తీసుకున్నాను అనే ధ్వని ఉంది. కొత్త ఫ్రిజ్ కొనడానికి ఇంటిల్లిపాదీ బయలుదేరితే మాత్రం ‘బయ్’ అనే అనాలి. జలుబు, జ్వరం అంటుకోవడానికీ ఈ మాటే వాడతారు. అదీ పోతూ పోతూ తగులుకున్నదే కదా.

భాష నేర్చుకోవడానికి కూడా ఇదే మాట అని డిక్షనరీలో చూసి ఉంటావు. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళితే దుకాణంలో కూర్చున్న మనిషి ఒకరితో తెలుగు, ఇంకొకరితో ఒడియా, మధ్యలో హిందీ మాట్లాడేస్తాడు. వ్యాకరణం చదివి రాలేదు అవి. బేరాల్లో, బస్సుల్లో, చుట్టరికాల్లో వచ్చాయి. ‘హి పిక్డ్ అప్ ఒడియా’ అంటే ఈ పద్ధతిలో వచ్చిందని. ట్యూషన్‌కి వెళ్లి, పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నదానికి ‘లెర్న్’ సరైన మాట.

ఈ రెండింటి మధ్య తేడా చూపడానికి నాకు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. మన వంశధార దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో మేష్టరు పని చేస్తూ, సవర గిరిజనుల పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. ఆ భాషకు అప్పటికి చేతికందే పాఠ్యపుస్తకాలు లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే విని నేర్చుకున్నారు. ఆ మొదటి మెట్టును ‘పిక్ అప్’ అనొచ్చు. తర్వాత ఏళ్ల తరబడి కూర్చుని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారే, దానికి మాత్రం ఈ మాట చాలదు. అలాంటి పనిని ‘పిక్ అప్’ అంటే ఆయన కష్టాన్ని తక్కువ చేసినట్టే అవుతుంది. ఒక మాటకు ఏ అర్థం ఉందో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ సరిపోదో తెలియడమూ అంతే ముఖ్యం.

మనిషి చెయ్యి లేకుండా తనంతట తను లేచేవి కూడా ఉన్నాయి. 2018 అక్టోబరు 10 రాత్రి నేను ఉద్దానంలో మా బంధువుల ఇంట్లో ఉన్నాను. తిత్లీ తుపాను వస్తోందని ముందే చెప్పారు. పదిన్నర దాకా కొబ్బరాకులు మామూలుగానే ఊగుతున్నాయి. అర్ధరాత్రి దాటాక పెంకు కింద సన్నగా ఈల మొదలైంది. ఇంటి పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని ‘గాలి అందుకుందిరా’ అన్నాడు. తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటేసరికి ఇంటి వెనక తోటలో నిలబడి ఉన్న చెట్లకన్నా పడి ఉన్నవే ఎక్కువ. ‘ద విండ్ పిక్డ్ అప్’ అనే వాక్యం ఇంగ్లీషులో ఎక్కడ చదివినా నాకు ఆ పెద్దాయన గొంతే వినిపిస్తుంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ వాక్యానికి అంతకన్నా మంచి తెలుగు నాకు దొరకలేదు. వాన అందుకుంది, జ్వరం తగ్గి మనిషి కోలుకున్నాడు, పండగ ముందు బేరాలు ఊపందుకున్నాయి, రైలు వేగం అందుకుంది, వీటన్నిటికీ ‘పిక్ అప్’ సరిపోతుంది. చూశావా, నాలుగింట మూడుచోట్ల మన ‘అందుకోవడం’ దానంతట అదే వచ్చేసింది.

బండికి పికప్ లేదు అంటాం కదా, అదీ వేగం అందుకోవడం నుంచి వచ్చిందే. అమెరికా నిఘంటువుల్లో ఈ అర్థం కనిపిస్తుంది. కానీ వేరే దేశం వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘యాక్సెలరేషన్’ అంటే అనుమానం ఉండదు. జీడిపప్పు పెట్టెలు వేసుకెళ్లే చిన్న ట్రక్కునీ పికప్ అంటాం. బొబ్బిలి వీణను, ఒక్క పనస దుంగ నుంచి చెక్కేదాన్ని, కచేరీలో పెద్ద హాలుకు వినిపించడానికి దాని కొయ్యకు ఒక చిన్న మైకు అంటిస్తారు. దాన్నీ పికప్ అనే అంటారు, తీగ పలికే సన్నని అదురును అది పట్టుకుంటుంది కాబట్టి. సెల్‌ఫోన్ సిగ్నల్ పట్టుకోవడం, రేడియో స్టేషన్ పట్టుకోవడం, పోలీసు కుక్క వాసన పట్టడం ఇదే కోవలోవి.

ఇక మనవాళ్లు తడబడే చోటు. తెలుగులో మనం ‘పికప్ చేస్తాను’ అంటాం. అక్కడ పికప్ ఒకే గడ్డ, దానికి ‘చేస్తాను’ కలిపాం. ఆ గడ్డను అలాగే ఇంగ్లీషులోకి పట్టుకెళ్లి ‘ఐ విల్ పికప్ యూ’ అంటాం. అక్కడ అది రెండు మాటలు. ‘యూ, హిమ్, హర్, ఇట్, దెమ్’ లాంటి చిన్న సర్వనామం వస్తే అది తప్పకుండా మధ్యలో కూర్చోవాలి. ‘ఐ విల్ పిక్ యూ అప్’. ‘ప్లీజ్ పిక్ ఇట్ అప్’. పూర్తి నామవాచకమైతే మధ్యలో పెట్టినా చివర పెట్టినా ఫర్వాలేదు. ‘పిక్ అప్ ద పార్సెల్’ సరే, ‘పిక్ ద పార్సెల్ అప్’ కూడా సరే. నామవాచకం బాగా పొడుగైతే చివరికి తోసేయడమే మేలు, లేకపోతే వినేవాడు తోక కోసం ఎదురుచూస్తూ మొదలు మరిచిపోతాడు. మీ లీడరు ‘పిక్ దిస్ అప్’ అన్నారు చూడు, ఆ ‘దిస్’ మధ్యలో ఉండబట్టే నీకు ‘పిక్’ ఒకచోట, ‘అప్’ ఒకచోట వినబడి ఇంకా గందరగోళం అయి ఉంటుంది. ఇంగ్లీషు వింటున్నప్పుడు ‘పిక్, టేక్, పుట్, గెట్’ లాంటి పొట్టి క్రియ చెవిన పడితే వెంటనే అర్థం చెప్పుకోకు. నాలుగు మాటల దాకా ఆగు, తోక ఏమైనా వస్తుందేమో చూడు.

నీ స్నేహితురాలు చెప్పింది నిజమే. మనకు ‘ఫోన్ ఎత్తలేదు’ అనడం అలవాటు. తాడుతో ఉండే పాత నల్ల ఫోన్ల కాలంలో రిసీవర్ నిజంగానే ఎత్తేవాళ్లం. ఆ ‘ఎత్తు’ను ‘లిఫ్ట్’ అని మార్చేశాం. మన మధ్య అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకు మాత్రం ఫోన్ అనే వస్తువు బరువుగా ఉండి పైకి లేపలేకపోయావేమో అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ కుడ్‌నాట్ పిక్ అప్’ అను. కాల్ గురించే మాట్లాడుతున్నామని తెలిసినప్పుడు ఫోన్ అనే మాట కూడా చెప్పక్కర్లేదు. మీ లీడరుకు రాసేటప్పుడు ‘ఐ కుడ్‌నాట్ ఆన్సర్ యువర్ కాల్’ అంటే మరింత మర్యాదగా ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘పిక్డ్ హర్ అప్ ఎట్ ద స్టేషన్’ అంటే పేచీ లేదు, చోటు చెప్పావు కాబట్టి. చోటూ సందర్భమూ లేకుండా ‘హి పిక్డ్ అప్ ఎ గర్ల్’ అంటే ముక్కూ మొహం తెలియని అమ్మాయితో చొరవ చేసి పరిచయం పెంచుకున్నాడనే అర్థం వస్తుంది, అది గౌరవమైన మాట కాదు. ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే అదుపులోకి తీసుకున్నారని. మీ అన్నయ్యని ఎస్సై గారు దారిలో బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపినా ఆ వాక్యం మాత్రం వాడకు.

‘అప్’ తర్వాత ఇంకో తోక తగిలితే అర్థం మళ్లీ జరుగుతుంది. ‘పిక్ అప్ ఆన్’ అంటే పసిగట్టడం. నీ గొంతులో భయాన్ని ఎవరూ చెప్పకుండానే మీ అమ్మ కనిపెట్టేస్తుంది కదా, అది. ‘పిక్ అప్ ఆఫ్టర్’ అంటే ఒకరి వెనకాల తిరుగుతూ వాళ్లు చిందరవందర చేసినవి సర్దడం. మన ఇళ్లలో ఈ పని ఎవరి మీద పడుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. హోటల్లో ‘పిక్ అప్ ద బిల్’ అంటే బిల్లు తనే పెట్టుకోవడం. ఈ మూడూ ఇప్పటికి చాలు.

ఇవి రాతలో వాడొచ్చా అని నువ్వు అడగలేదు గానీ అడిగినట్టే చెబుతాను. ఇంగ్లీషులో దాదాపు ప్రతి ఫ్రేజల్ వెర్బ్‌కూ ఒక పెద్దమనిషి జోడీ ఉంటుంది. ‘పిక్ అప్’కే చూడు, ఆగిన పనికి ‘రెజ్యూమ్’, పార్సెల్‌కు ‘కలెక్ట్’, నైపుణ్యానికి ‘అక్వైర్’, జబ్బుకు ‘కాంట్రాక్ట్’. మనకు తీసుకోవడం, స్వీకరించడం ఉన్నట్టే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు చిత్రంగా ఈ పెద్ద మాటలే ముందు వస్తాయి, పాఠ్యపుస్తకంలో ఉండేవి అవి కాబట్టి. మీ లీడరు ‘లెట్స్ రెజ్యూమ్ ఆన్ మండే’ అని ఉంటే నీకు చప్పున తెలిసేది. నీకు ఇంగ్లీషు రాకపోవడం దీనికి కారణం కానే కాదు. పుస్తకంలోని ఇంగ్లీషు నీకు వచ్చు, నోటి ఇంగ్లీషు ఇంకా చెవిన పడలేదు. గిడుగువారు తెలుగులో ఏ వాడుక మాట కోసం జీవితమంతా పోరాడారో, ఇంగ్లీషులో ఈ చిన్న చిన్న క్రియలూ తోకలూ ఆ వాడుక మాటే. కంపెనీ మెయిల్లో ‘పిక్ అప్’ నిశ్చింతగా రాసుకో. ఉద్యోగానికి దరఖాస్తు, కోర్టు కాగితం, పరిశోధన వ్యాసం లాంటి చోట్ల పెద్దమనిషి మాట వాడుకో.

నేర్చుకునే తీరు ఇలా పెట్టుకో. డిక్షనరీ పట్టిక మూసేయి. రోజూ నువ్వు వినే మీటింగుల్లో, వార్తల్లో ఒక్క ఫ్రేజల్ వెర్బ్ దొరికినా వాక్యం మొత్తంగా రాసుకో. పక్కన అర్థం ఇంగ్లీషులో రాయకు. ఆ చోట మీ అమ్మమ్మ అయితే తెలుగులో ఏమనేదో అది రాయి. ‘గాలి అందుకుంది’, ‘వాసన పట్టేశాడు’, ‘బిల్లు తనే పెట్టుకున్నాడు’. మా విద్యార్థులు కొందరు ఇలా చేశారు. పక్కన తెలుగు పలుకుబడి రాసుకున్న మాట వాళ్లకు నెలలు గడిచినా గుర్తుంది. ఉత్త అర్థం రాసుకున్నది పరీక్ష అవగానే పోయింది.

చివరిగా పలకడం గురించి. క్రియగా అన్నప్పుడు బరువు ‘అప్’ మీద పడుతుంది. వస్తువుగా, నామవాచకంగా అన్నప్పుడు ‘పిక్’ మీద పడుతుంది. ‘పిక్ ఇట్ అప్’ మూడు మాటలైనా నోట్లో ‘పికిటప్’ అని కలిసిపోతుంది. ‘పిక్డ్ అప్’లో రాతలో ‘డ్’ ఉన్నా వినబడేది ‘పిక్టప్’. ఈ రెండూ నాలుగైదుసార్లు గట్టిగా అనుకో, రేపు వేరేవాళ్లు అన్నప్పుడు చెవి వెంటనే పట్టేస్తుంది.

సోమవారం మీటింగ్ మొదలవగానే ఒకరికోసం ఒకరు ఆగే ఆ రెండు నిమిషాల్లో, ఎవరూ అనకముందే నువ్వే అను: ‘షల్ వి పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్?’ ఆపిన చోటు నుంచే అందుకుందామా అని. ఆ తర్వాత శుక్రవారం ఏ పాయింటు దగ్గర ఆగారో అది కూడా చెప్పు. అందుకని ఆదివారం రాత్రే నోట్స్ ఒకసారి తిరగేసి ఉంచుకో.